అడుగ నేర్చినవాడు

పాట విన్నవానికి పాడినవాని పేరు తెలియును; శ్రద్ధగలవాడైనచో వరుస కట్టినవాని పేరును తెలియును. కాని మైకు ఎక్కడ నిలిపిరి, ఆ గొంతు అంత దగ్గరగా ఎట్లు వినవచ్చుచున్నది, ఆ మ్రోత గదిలోనిదా, యంత్రములోనిదా అను సంగతులు చాలకాలము నలుగురైదుగురి జ్ఞాపకములలోనే దాగియుండెను. పాశ్చాత్య రాక్ సంగీతమున మరుగుపడియున్న ఈ విద్యను యూట్యూబునందలి దీర్ఘ సంభాషణలు ఇటీవల వెలికి తెచ్చుచున్నవి.

వీనిలో మిక్కిలి పేరొందినవి అమెరికా దేశస్థుడగు రిక్ బియాటో జరుపునవి. 1962లో జన్మించిన బియాటో ఇథకా కళాశాలయందును, బోస్టనులోని న్యూ ఇంగ్లండ్ కన్సర్వేటరీయందును సంగీతము నభ్యసించి, కొంతకాలము పాఠములు చెప్పి, పిమ్మట అట్లాంటా సమీపమున స్టూడియో నడుపుచు రికార్డులకు ప్రొడ్యూసరుగా పనిచేసెను. 2024 నాటికి ఆయన ఛానలు చందాదారులు 40 లక్షలకు మించిరి. స్టింగ్, బ్రయన్ మే, డేవిడ్ గిల్మర్ వంటివారు ఆయన యెదుట కూర్చుండి తీరికగా మాటలాడిరి.

ఇచట ప్రొడ్యూసరన్న మాటకు మన సినిమావారి అర్థము చెప్పుకొనరాదు. డబ్బు పెట్టువాడు కాడు. గాయకునిచేత పాడించువాడు, ఏ పాట ఎట్లు వినవలెనో నిర్ణయించువాడు. సినిమాలో దర్శకుడెట్టివాడో రికార్డునకు ఇతడట్టివాడు.

సామాన్య విలేఖరి గాయకుని అడుగునది ఆతని ప్రేమలను గూర్చి, కలహములను గూర్చి. వేయిసార్లు చెప్పిన సమాధానమే ఆతడు మరల చెప్పును. బియాటో అడుగునది స్వరములను గూర్చి, తీగలను శ్రుతి చేసిన తీరును గూర్చి. పని తెలిసినవాడు అడిగినపుడు పనివాని ముఖము వికసించును. అంతవరకు మర్యాదకు మాటలాడుచున్న పెద్దమనిషి చటుక్కున గిటారు అందుకొని, ఆ భాగమును వాయించి చూపును. ఈ క్షణములకొరకే ఆ వీడియోలు చూడవలెను. తక్కిన ముచ్చటలు అంత ముఖ్యములు కావు.

ఇట్టి సంభాషణలవలన తెలియవచ్చు సంగతుల కొక ఉదాహరణము. 1979లో లండను నగరమున టౌన్‌హౌస్ స్టూడియోలో పీటర్ గేబ్రియల్ మూడవ రికార్డు తయారగుచుండెను. ప్రొడ్యూసరు స్టీవ్ లిల్లీవైట్. ఇంజనీరు హ్యూ ప్యాడమ్. డ్రమ్ములు వాయించువాడు ఫిల్ కాలిన్స్. వాయిద్యగాండ్ర మాటలు అవతలి గదిలోనివారికి వినబడుటకై పైన ఒక మైకు వ్రేలాడగట్టియుండిరి. మెల్లగా పలికిన మాటయు, బిగ్గరగా పలికిన మాటయు సమానముగా వినబడునట్లు అందొక యంత్రసాధన మమర్చబడియుండెను. ఆ మైకు తెరచియుండగా కాలిన్స్ డ్రమ్ములపై కొట్టెను. వినినవారు నివ్వెరపోయిరి. మాటలకొరకు ఉద్దేశించిన మైకు గనుక దానినుండి టేపునకు దారి లేదు. తీగలు మార్చి దారి కల్పింపవలసివచ్చెను. పిమ్మట మ్రోతయొక్క తోకను తటాలున కత్తిరించు మరియొక సాధనమును చేర్చిరి. 1981లో కాలిన్స్ వెలువరించిన ‘ఇన్ ది ఎయిర్ టునైట్’ పాటలో పిడుగువలె పడు ఆ డ్రమ్ముల చప్పుడు ఈ విధముగా పుట్టినది. ఆ దశాబ్దమున ఎందరో దానిని అనుకరించిరి. ఈ కథను ప్యాడమ్ స్వయముగా పలుమారులు వివరించెను.

మరియొకటి ఉపాధ్యాయులకు ప్రీతి గొల్పునది. 1991లో నిర్వాణా బృందము ‘నెవర్‌మైండ్’ రికార్డు చేయునపుడు, పాడిన చరణమునే తిరిగి పాడి ఒకదానిపై నొకటి చేర్చుటకు గాయకుడు కర్ట్ కొబేన్ సమ్మతింపలేదు. అది కపటమని ఆతని భావము. ప్రొడ్యూసరు బుచ్ విగ్ వాదింపలేదు. జాన్ లెనన్ అట్లే చేసెనని మాత్రము చెప్పెను. కొబేన్‌కు లెనన్ ఆరాధ్యుడు. మారుమాట లేక పాడెను. శిష్యుని మనస్సులోని గురువెవరో తెలిసికొనుట విగ్ ఏ శిక్షణ కళాశాలలో నేర్చెనోగాని, మంచి పంతులే!

ఐతే ఈ ప్రయత్నమునకు ఒక అడ్డంకి కలదు. పాటను వివరింపవలెనన్న అందులో కొన్ని క్షణములు వినిపింపక తప్పదు. వినిపించినంతనే రికార్డు కంపెనీల హక్కులను కాపాడు యంత్రము పసిగట్టి, వీడియోను నిలిపివేయును, లేదా దానివలని రాబడిని కంపెనీకి మళ్ళించును. పద్యపాద ముదాహరింపక ఛందస్సు చెప్పుమన్నట్లున్నది. 2020 జూలైలో బియాటో అమెరికా సెనేటు న్యాయవ్యవహారముల సంఘమువారి యెదుట ఈ విషయమై సాక్ష్యమిచ్చెను. హక్కుదారుల సొమ్ము హక్కుదారులకు చెందవలసినదే. కాని పాఠము చెప్పువానిని దొంగతో జతకట్టుట న్యాయము కాదు.

కాలమా, ఆగునది కాదు. బీటిల్స్ ప్రొడ్యూసరు జార్జ్ మార్టిన్ 2016లోను, వారి ఇంజనీరు జెఫ్ ఎమెరిక్ 2018లోను మరణించిరి. ఉన్నవారి జ్ఞాపకమైనను రాతిపై వ్రాత కాదు. ఎమెరిక్ 2006లో ప్రకటించిన స్మృతులను ఆయన సహోద్యోగి కెన్ స్కాట్ బహిరంగముగానే ఆక్షేపించెను. కావున ఒకరి మాటతో తృప్తిపడక పదిమందిని అడుగవలెను. అందులోను పేరు చిన్నదిగా అచ్చయినవారిని తప్పక అడుగవలెను. 1973 జనవరిలో క్లేర్ టోరీ అను గాయని ఎబ్బీ రోడ్డు స్టూడియోకు వచ్చి, పింక్ ఫ్లాయిడ్ బృందము రికార్డు ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ కొరకు, మాటలు లేని ఆలాపనమును అప్పటికప్పుడు కల్పించి పాడెను. ఆమెకు ముట్టినది 30 పౌనులు. 2004లో ఆమె వ్యాజ్యము వేసెను. 2005లో రాజీ కుదిరి, రిక్ రైటుతోపాటు ఆ కృతికి సహకర్తగా ఆమె పేరు చేరినది.

ఆ రికార్డునందే ప్రశ్నోత్తరముల ముచ్చట ఇంకొకటి కలదు. రోజర్ వాటర్స్ కొన్ని ప్రశ్నలను అట్టముక్కలపై వ్రాసి, స్టూడియోలో కనబడినవారి కెల్ల చూపి, వారి సమాధానములను టేపుపై నెక్కించెను. మొదట ఇష్టమైన రంగేదని అడిగి, క్రమముగా కోపము, మరణభయము వరకు పోయెను. ఆ సమయమున అచట నున్న పాల్ మెకార్ట్నీని, ఆయన భార్యను గూడ అడిగిరి. ఆ దంపతులు నవ్వించుటకు ప్రయత్నించిరే కాని మనసు విప్పలేదు. వారి సమాధానములను విడిచిపెట్టిరి. స్టూడియో ద్వారపాలకుడు, ఐర్లండువాడు, గెర్రీ ఓడ్రిస్కల్ చెప్పినవానిని ఉంచుకొనిరి. రికార్డు చివర, గుండెచప్పుడుతో కలిసి వినవచ్చు కంఠము ఆతనిది.