వైకింగ్ యాట్స్: కుటుంబ యాజమాన్యం, విలాసపు పన్ను, పనివారు

విలాస వస్తువుల పరిశ్రమను గురించిన చర్చలలో కొనుగోలుదారు కనిపించినంతగా పనివాడు కనిపించడు. అమెరికాలో క్రీడగా సాగే చేపల వేటకు యాట్లు నిర్మించే ‘వైకింగ్ యాట్స్’ చరిత్ర ఈ లోపాన్ని స్పష్టంగా చూపుతుంది. కుటుంబం చేతిలోనే నిలిచిన ఈ సంస్థ 1990ల ఆరంభంలోని సంక్షోభాన్ని ఎలా దాటిందో, ఆ భారం ఎవరిపై పడిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

1964లో బాబ్ హీలీ, బిల్ హీలీ అనే సోదరులు న్యూజెర్సీ రాష్ట్రంలోని న్యూ గ్రెట్నాలో, బాస్ నది ఒడ్డున చెక్క పడవలు కట్టే పీటర్సన్-వైకింగ్ బిల్డర్స్ అనే సంస్థను కొన్నారు. దక్షిణ న్యూజెర్సీ తీరానికి పడవల నిర్మాణంలో అప్పటికే పేరుంది. అందువల్ల సోదరులకు యంత్రాల కంటే స్థానిక వడ్రంగుల నైపుణ్యమే విలువైన పెట్టుబడి అయిందనవచ్చు.

వారి పడవలలో ప్రధానమైన రకాన్ని ‘కన్వర్టిబుల్’ అంటారు. దీని వెనుక భాగం నీటిమట్టానికి దగ్గరగా, విశాలంగా ఉంటుంది. మార్లిన్, ట్యూనా వంటి పెద్ద చేపలతో గాలం పట్టి పెనుగులాడేది అక్కడే. ముందువైపు పడకగదులు, వంటగది ఉంటాయి. పడవ నడిపేవాడు పైనున్న ఫ్లైబ్రిడ్జ్ నుంచి సముద్రాన్నీ, వెనుక వేటనూ చూస్తుంటాడు. ఒకే పడవ వేటకూ కుటుంబ విహారానికీ పనికివస్తుంది కనుక ఆ పేరు. జీవనోపాధికి వేటాడే మన తీరపు మరపడవలతో దీనికి పోలిక లేదు. ఇక్కడ మార్లిన్‌ను పట్టినా తరచుగా తిరిగి నీటిలోకే వదిలివేస్తారు.

1970ల ఆరంభంలో సంస్థ చెక్క నుంచి ఫైబర్‌గ్లాస్‌కు మారింది. ఇది కేవలం ముడిపదార్థపు మార్పు కాదు. చెక్క పడవను ఒక్కొక్కటిగా కట్టవచ్చు. ఫైబర్‌గ్లాస్‌కు ముందుగా పెద్ద అచ్చు తయారుచేయాలి; దానిలో గాజునార పొరలను రెజిన్‌తో తడిపి పరచాలి. అచ్చుకైన ఖర్చు రాబట్టాలంటే అదే నమూనాలో అనేక పడవలు అమ్ముడుపోవాలి. అమ్మకాలు ఆగితే అచ్చులను షెడ్డులో దాచవచ్చు, పనివారిని దాచలేం.

సరిగ్గా ఆ పరిస్థితే వచ్చింది. 1990లో అమెరికా కాంగ్రెస్ ఆమోదించిన చట్టం ప్రకారం, లక్ష డాలర్లకు మించిన కొత్త పడవల ధరలో ఆ మించిన భాగంపై 1991 జనవరి 1 నుంచి 10 శాతం పన్ను విధించారు. 5 లక్షల డాలర్ల పడవపై ఇది 40 వేల డాలర్లు. పన్ను తొలి అమ్మకానికే పరిమితం కావడంతో సంపన్నుడు పాత పడవను కొనవచ్చు, లేదా కొనుగోలునే వాయిదా వేయవచ్చు. వైకింగ్‌లో వెయ్యికి పైగా ఉన్న పనివారి సంఖ్య వంద లోపుకు పడిపోయింది.

దీనికంతటికీ పన్నే కారణమని పరిశ్రమ వర్గాలు చెబుతుంటాయి. ఈ వాదనను యథాతథంగా అంగీకరించలేం. 1990 జులై నుంచే ఆర్థిక మాంద్యం మొదలైంది. గల్ఫ్ యుద్ధం అనిశ్చితిని పెంచింది. అయితే అప్పటికే క్షీణిస్తున్న గిరాకీని పన్ను మరింత కుంగదీసిందనడం సమంజసం. ధనికుల నుంచి రాబట్టదలచిన సొమ్ముకు ముందుగా మూల్యం చెల్లించినవారు రెజిన్ పూసే కూలీలు, వడ్రంగులు.

హీలీ సోదరులు సొంత సొమ్ము వెచ్చించి సంస్థను మూతపడనివ్వలేదు. న్యాయవాది అయిన బాబ్ పన్ను రద్దుకై ఉద్యమించారు. 1993 ఆగస్టులో పడవలపై ఆ పన్ను రద్దయింది. త్రైమాసిక లాభాలను అడిగే బయటి వాటాదారులు లేకపోవడం నిరీక్షణకు వీలు కల్పించింది. దీనిని కుటుంబ యాజమాన్యపు ఔదార్యంగా మాత్రమే వర్ణించడం సరికాదు. సంస్థ నిలిచిందే గాని, పని కోల్పోయినవారికి ఆ నిరీక్షణ సాధ్యం కాలేదు.

అనంతర దశలో సంస్థ బయటివారిపై ఆధారపడటాన్ని తగ్గించుకొంది. ఎలక్ట్రానిక్ పరికరాలను అమర్చే విభాగం, చేపల జాడ చూసే ఎత్తైన లోహపు గోపురాలు తయారుచేసే విభాగం దాని పరిధిలోకి వచ్చాయి. నాయకత్వం బిల్ కుమారుడు పాట్రిక్ హీలీకి సంక్రమించింది. పొరుగునే లీక్ కుటుంబం నడిపిన ఓషన్ యాట్స్‌కు అటువంటి కొనసాగింపు దక్కలేదు. దాని కర్మాగారాన్ని 2014లో వైకింగ్ కొన్నది. ప్రస్తుతం అక్కడ ‘వాల్‌హల్లా’ పేరిట ఔట్‌బోర్డ్ ఇంజన్ల పడవలు తయారవుతున్నాయి.