మరుగునీళ్లు, మంచుగడ్డ, ఓమ్ తీగలు

వోల్టా బ్యాటరీ 1800లో లోకానికి తెలిసింది. ఆ తర్వాత పాతికేళ్లు గడిచినా, తీగ పొడవు పెంచితే కరెంటు ఎంత తగ్గుతుందో చెప్పే నమ్మదగిన సూత్రం అచ్చులోకి రాలేదు. ఇంగ్లండులో హెన్రీ కావెండిష్ 1781లోనే, తన ఒంటికి తగిలే షాకును బట్టి అంచనా వేస్తూ, ఈ లెక్క పట్టుకున్నాడు. కానీ కాగితాలు బయటపెట్టలేదు. వాటిని మాక్స్‌వెల్ 1879లో అచ్చు వేయించేసరికి చాలా ఆలస్యమైపోయింది.

ఈలోగా జర్మనీలోని కొలోన్‌లో ఒక బడిపంతులు ఈ పనికి పూనుకున్నాడు. పేరు గేయార్గ్ ఓమ్. తాళాలు చేసే పనివాడి కొడుకు. 1825లో అతను ప్రకటించిన సూత్రం తప్పు. లెక్క చేతకాక కాదు, బ్యాటరీ వల్ల. ఆ కాలపు బ్యాటరీ నుంచి కరెంటు లాగేకొద్దీ పలకల మీద వాయువు బుడగలు పేరుకుని, బలం పడిపోయేది. ఒక తీగ కొలిచి ఇంకో తీగ తగిలించేలోపే బ్యాటరీ మారిపోతే ఏ సూత్రం నిలుస్తుంది?

భౌతికశాస్త్ర పత్రిక సంపాదకుడు పోగెన్‌డార్ఫ్ ఒక ఉపాయం చెప్పాడు: బ్యాటరీ వదిలేసి, 1821లో సీబెక్ కనిపెట్టిన పద్ధతి వాడమని. రెండు వేర్వేరు లోహాలను రెండు చోట్ల కలిపి, ఒక అతుకును వేడిగా, రెండోదాన్ని చల్లగా ఉంచితే కరెంటు పారుతుంది. ఓమ్ బిస్మత్ కడ్డీకి రెండు కొసలా రాగి పట్టీలు బిగించాడు. ఒక అతుకు మరిగే నీటిలో, ఇంకోటి మంచులో. నీళ్లు మరుగుతున్నంతసేపూ, మంచు మిగిలినంతసేపూ నెట్టే బలం మారదు. అది వోల్టులో వందో వంతు కూడా ఉండదు, అయినా నిలకడగా ఉంటుంది. కావలసింది అదే.

రాగి పట్టీకి పైన అయస్కాంతపు సూదిని వేలాడదీశాడు. కరెంటుకు సూది పక్కకు తిరుగుతుంది. దాన్ని మళ్లీ మొదటి చోటికి తేవడానికి సూది వేలాడుతున్న పట్టీని ఎంత మెలిపెట్టాలో అదే కరెంటు కొలత. ఒకే మందమున్న ఎనిమిది రాగి తీగల్ని, కొసలు పాదరసపు గిన్నెల్లో ముంచుతూ, ఒక్కొక్కటే పరీక్షించాడు.

1826 జనవరి 8 నాటి అంకెలు చూడండి. 2 అంగుళాల తీగకు 326¾, 4 అంగుళాలకు 300¾. పొడవు రెట్టింపైనా కరెంటు సగం కాలేదు, పదో వంతు కూడా తగ్గలేదు! 66 అంగుళాలకు 83¼, 130కి 48½. ఇక్కడ తగ్గుదల సగానికి దగ్గరపడింది. ప్రతి పొడవుకూ 20¼ కలిపి, 7285ను ఆ మొత్తంతో భాగించండి: ఎనిమిది అంకెలూ దాదాపు అలాగే వచ్చేస్తాయి.

ఆ 20¼ ఏమిటి? తీగ కాకుండా, పరికరం తానే అడ్డుపడే నిరోధం. అతుకుల మధ్య వేడి తేడా మార్చితే పైనున్న 7285 మారింది గానీ కిందిది కదల్లేదు. అంటే ఒకటి నెట్టే బలం, మనం వోల్టేజి అనేది. రెండోది వలయంలో దాక్కున్న నిరోధం. బడిలో వోల్టేజిని నిరోధంతో భాగిస్తే కరెంటు అని నేర్పుతారు, దాక్కున్న నిరోధం సంగతి అంతగా చెప్పరు. నా దృష్టిలో ఓమ్ గొప్పతనమంతా దాన్ని పట్టుకోవడంలోనే ఉంది.

1827లో వచ్చిన అతని పుస్తకాన్ని స్వదేశంలో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. లండన్ రాయల్ సొసైటీ 1841లో కోప్లీ పతకం ఇచ్చింది. మ్యూనిక్‌లో ఆచార్య పీఠం 1852లో దక్కింది, రెండేళ్లకే కన్నుమూశాడు. నిరోధపు కొలమానానికి అతని పేరును 1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ సమావేశం ఖాయం చేసింది.

ఆ దాక్కున్న నిరోధం మన ఇళ్లలోనూ కనిపిస్తుంది. మోటారు స్టార్టర్ నొక్కగానే ఇంట్లో బల్బు మసకబారుతోందా? మోటారు మొదట్లో ఎక్కువ కరెంటు లాగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మీదాకా ఉన్న తీగల నిరోధం వోల్టేజిలో కొంత మింగేస్తుంది. బల్బు మార్చి లాభం లేదు. లైను ఎంత పొడవు, తీగ ఎంత మందం, అతుకులు బిగువుగా ఉన్నాయా అని లైన్‌మన్‌ను అడగండి.