ఫోటో బ్యాక్‌గ్రౌండ్ ఫ్రీగా తీసేసి వ్యాపారానికి వాడుతున్నారా? ఫ్రీ అంటే అన్నింటికీ ఫ్రీ కాదు!

నార్కట్‌పల్లి: పాస్‌పోర్ట్ సైజు ఫోటో కోసం వెనకాల పరదా కట్టే రోజులు దాదాపు పోయాయి. ఏ గోడ ముందు నిలబడినా సరే, ఒక్క క్లిక్, నాలుగైదు సెకన్లు.. వెనకున్న బీరువా, క్యాలెండర్, కరెంటు మీటర్ అన్నీ మాయం. హైదరాబాద్-విజయవాడ హైవే నుంచి నల్గొండ వైపు రోడ్డు చీలే నార్కట్‌పల్లి లాంటి ఊళ్లలో ఈ పని ఇప్పుడు అందరిదీ. ఫోటో స్టూడియో వాళ్లది, ఫ్లెక్సీ షాపు వాళ్లది, ఇంట్లో కూర్చుని వాట్సాప్‌లో చీరలు అమ్మే ఆడవాళ్లది కూడా. చెర్వుగట్టు జాతర దగ్గర పడిందంటే చాలు, దేవుడి ఫోటో మధ్యలో, నాయకుల ఫోటోలు చుట్టూ పెట్టి ఫ్లెక్సీల మీద ఫ్లెక్సీలు. ఆ ఫోటోలన్నీ ఎక్కడో ఓ చోట బ్యాక్‌గ్రౌండ్ తీసేసినవే.

ఇందుకు వాడేవి ఎక్కువగా ఆన్‌లైన్‌లో ఫ్రీగా దొరికే టూల్సే. సొంత ఫోటో డీపీగా పెట్టుకోవడానికి వాడితే పెద్దగా గొడవేం లేదు. కానీ కస్టమర్ దగ్గర డబ్బు తీసుకుని వాడితే? సరుకు అమ్మడానికి వాడితే? అసలు మెలిక అక్కడే ఉంది.

ఫ్రీగా ఇచ్చేది ఎంత?

ఈ టూల్స్‌లో బాగా పేరున్నది రిమూవ్ డాట్ బీజీ. ఆస్ట్రియా రాజధాని వియన్నాకు చెందిన కలైడో అనే కంపెనీ 2018 చివర్లో దీన్ని తెచ్చింది. 2021లో ఆ కంపెనీని కాన్వా కొనేసింది. ఇందులో డబ్బు కట్టకుండా వచ్చే ఫోటో సైజు 0.25 మెగాపిక్సెల్. అంటే సుమారు రెండున్నర లక్షల చుక్కలు. ఫోన్ కెమెరా తీసింది 12 మెగాపిక్సెళ్ల ఫోటో అయినా సరే, ఫ్రీగా చేతికొచ్చేది అంతే.

ఇప్పుడు లెక్క చూడండి. 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల ఎత్తున్న పాస్‌పోర్ట్ సైజు ఫోటోను ప్రింట్‌కు సరిపడా 300 డీపీఐలో పెడితే 413 బై 531 చుక్కలు కావాలి. మొత్తం 2 లక్షల 19 వేలు. ఫ్రీ సైజులో పట్టేసింది! చిన్న ఫోటోల దాకా ఫ్రీ టూల్‌తో పని నడిచిపోవడానికి కారణం ఇదే. అదే ఫోటోను ఆరడుగుల వెడల్పు ఫ్లెక్సీకి లాగితే? 625 చుక్కలు 72 అంగుళాల మీద పరుచుకోవాలి. అంగుళానికి తొమ్మిది చుక్కలు కూడా రావు. అన్న మొహం దూరం నుంచి బాగానే కనిపిస్తుంది, దగ్గరికెళ్తే గళ్ల లుంగీలా ఉంటుంది.

ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లకూ ఇదే చిక్కు. అమెజాన్‌లో సరుకు పెట్టాలంటే మెయిన్ ఫోటో వెనక అచ్చమైన తెలుపే ఉండాలి, ఫ్రేమ్‌లో 85 శాతం సరుకే కనిపించాలి. జూమ్ చేసి చూడాలంటే పొడవు వైపు కనీసం వెయ్యి పిక్సెళ్లు కావాలి. 0.25 మెగాపిక్సెళ్ల చదరపు ఫోటోలో ఒక్కో వైపు వచ్చేది 500. చీర కొనేవాళ్లు మొదట చేసే పనే జూమ్ కదా.

కుచ్చులు ఎందుకు తెగిపోతాయి?

పుట్టపాక, కొయ్యలగూడెం, పోచంపల్లి.. నేత ఊళ్లన్నీ ఈ చుట్టుపక్కలే. ఇక్కత్ చీర ఫోటోను టూల్‌లో వేస్తే కొంగు చివరి కుచ్చులు సగం ఎగిరిపోతాయి. ఇక్కత్‌లో రంగు అంచు గీత గీసినట్టు ఉండదు, కాస్త పాకినట్టు ఉంటుంది. ఆ నేతకు అందమే అది. గోడ రంగూ చీర రంగూ దగ్గరగా ఉంటే చీరలో కొంత భాగాన్ని కూడా టూల్ గోడే అనుకుంటుంది. తెల్ల చొక్కా వేసుకుని తెల్ల గోడ ముందు నిలబడిన నాయకుడిదీ ఇదే కథ. భుజం ఒకటి మిస్సింగ్!

కారణం టూల్ పనిచేసే తీరులోనే ఉంది. ఫోటోలో ఏది ముఖ్యమైన వస్తువో ఏఐ మోడల్ ఊహించి, ప్రతి చుక్కకూ 'ఇది ఉంచాలి, ఇది తీసేయాలి' అని మార్కులు వేస్తుంది. చాలా టూల్స్‌కు పునాది అయిన మోడల్స్‌లో యూ స్క్వేర్ నెట్ ఒకటి. 2020లో వచ్చింది. పదివేల పైచిలుకు ఫోటోలతో దానికి శిక్షణ ఇచ్చారు. ఎంత పెద్ద ఫోటో ఇచ్చినా అది ముందు 320 బై 320 సైజుకు కుదించి చూస్తుంది. ఆ సైజులో కుచ్చు దారం ఎక్కడ కనిపిస్తుంది? జడలో మల్లెపూలు, గాలికి ఎగిరిన వెంట్రుకలు కూడా అందుకే పోతాయి. చీర కంటే రెండు షేడ్లు ముదురుగా ఉన్న బట్టను వెనకాల కట్టి ఫోటో తీస్తే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

'ఫ్రీ' అన్న మాటలో రెండు అర్థాలు

డబ్బు తీసుకోకపోవడం ఒకటి. వ్యాపారానికి వాడుకోనివ్వడం ఇంకొకటి. మొదటిది ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్టు కాదు.

రెమ్‌బీజీ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్‌నే తీసుకుందాం. దాని కోడ్‌కు ఎంఐటీ లైసెన్స్ ఉంది. ఎవరైనా, వ్యాపారానికైనా వాడుకోవచ్చు. అందులో వాడే యూ స్క్వేర్ నెట్ మోడల్‌కు అపాచీ లైసెన్స్, దానికీ ఇబ్బంది లేదు. కానీ అదే ప్రోగ్రామ్‌లో బ్రియా అనే కంపెనీ మోడల్‌ను కూడా ఎంచుకోవచ్చు. అంచులు ఇంకా శుభ్రంగా వస్తాయని చాలామంది దాన్నే నొక్కుతారు. ఆ మోడల్ ఫ్రీగా ఇచ్చింది వ్యాపారం కాని పనులకే. వ్యాపారానికైతే కంపెనీతో విడిగా ఒప్పందం చేసుకోవాలి. ప్రోగ్రామ్ ఒకటే, ఆప్షన్ మారితే రూల్ మారిపోయింది. బిరెఫ్‌నెట్ అనే మరో మోడల్‌కు మళ్లీ ఎంఐటీ లైసెన్సే.

వెబ్‌సైట్ల విషయానికొస్తే ఒక్కో దానిది ఒక్కో రూల్. 'టర్మ్స్' అన్న పేజీ తెరిచి 'కమర్షియల్', 'పర్సనల్ యూజ్' అన్న పదాలు వెతికితే రెండు నిమిషాల పని. పర్సనల్ యూజ్ మాత్రమే అని ఉంటే స్టూడియో పనికి ఆ ఫ్రీ వెర్షన్ పనికిరాదు. రోజుకు పదిమంది ఫోటోలు చేసే షాపుకు నెలవారీ ప్లాన్ ఖర్చు పెద్దగా బరువు కాదు. నెలకు రెండు ఫోటోలు చేసేవాళ్లకు మాత్రం దండగే. వాళ్లకు వేరే దారులున్నాయి. విండోస్ 11లోని పెయింట్‌లో 2023 నుంచి బ్యాక్‌గ్రౌండ్ తీసే బటన్ ఉంది. జింప్ సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఫ్రీ, దాంతో చేసిన పనిని అమ్ముకోవడానికి ఎలాంటి అడ్డూ లేదు. చేత్తో గీయాలి కాబట్టి ఓపిక కావాలి, అంతే.

బ్యాక్‌గ్రౌండ్ పోతే ఓనర్ మారతాడా?

మారడు. చాలామంది తప్పులో కాలేసేది ఇక్కడే. గూగుల్‌లోనో, ఇంకో షాపు ఇన్‌స్టా పేజీలోనో కనిపించిన చీర ఫోటో దించుకుని, బ్యాక్‌గ్రౌండ్ తీసేసి, సొంత రేటు వేసి గ్రూపులో పెట్టేస్తారు. గోడ పోయింది కానీ కాపీరైట్ పోలేదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫోటో కూడా కళాకృతే. ఉల్లంఘన తెలిసి చేసినట్టు తేలితే సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా ఉంది. ఫోటోలోది చేనేత ఇక్కత్, పార్సిల్‌లో వచ్చింది ప్రింటెడ్ చీర అయితే కొన్నవాళ్లు వినియోగదారుల కమిషన్‌కు కూడా వెళ్లొచ్చు.

మరి స్టూడియోలో తీయించుకున్న ఫోటో ఎవరిది? వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారులని ఆ చట్టంలోని సెక్షన్ 17 చెబుతోంది. పెళ్లికూతురి ఫోటో కట్ చేసి షాపు బోర్డు మీద పెట్టాలంటే స్టూడియో ఓనర్ ముందు ఆ ఇంటివాళ్లను అడగాల్సిందే. 'మేమే తీశాం కదా' అంటే కుదరదు.

ఇక హీరోల ఫోటోలు. పుట్టినరోజుకు అభిమానులు కట్టే ఫ్లెక్సీ వేరు, హీరో ఫోటో కట్ చేసి టీషర్టుల మీదో, బిర్యానీ సెంటర్ బోర్డు మీదో వేసి వ్యాపారం చేయడం వేరు. తన పేరు, ఫోటో, గొంతును అనుమతి లేకుండా వాడి సొమ్ము చేసుకోవద్దంటూ నాగార్జున ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి 2025 సెప్టెంబర్‌లో రక్షణ పొందారు. అదే నెలలో చిరంజీవికి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు మధ్యంతర ఉత్తర్వులు ఇచ్చింది. అంతకుముందే అమితాబ్ బచ్చన్‌కు 2022లో, అనిల్ కపూర్‌కు 2023లో ఢిల్లీ హైకోర్టు ఇలాంటి ఆదేశాలే ఇచ్చింది. బ్యాక్‌గ్రౌండ్ తీసే టూల్ ఫ్రీయా, పెయిడా అన్నది ఈ కేసుల్లో లెక్కలోకే రాదు.

కస్టమర్ మొహం ఎక్కడికి వెళ్తోంది?

ఆన్‌లైన్ టూల్‌లో ఫోటో వేయడమంటే దాన్ని ఎక్కడో ఉన్న సర్వర్‌కు పంపడమే. ఉద్యోగం దరఖాస్తు కోసం వచ్చిన అమ్మాయి ఫోటో అయినా, కామినేని ఆస్పత్రి దగ్గర ఏదో సర్టిఫికెట్ కోసం హడావుడిగా ఫోటో దిగిన పెద్దాయనదైనా అంతే. పేరున్న కంపెనీలు ఎంతసేపు ఉంచుకుంటామో, ఎప్పుడు డిలీట్ చేస్తామో ప్రైవసీ పేజీలో రాస్తాయి. పేరూ ఊరూ లేని సైట్లలో ఆ పేజీయే ఉండదు. వ్యక్తిగత డేటా రక్షణకు దేశంలో 2023లో చట్టం వచ్చింది, 2025 నవంబర్‌లో రూల్స్ నోటిఫై అయ్యాయి. ఆడపిల్లల ఫోటోలు, పిల్లల ఫోటోలు వచ్చినప్పుడైనా ఇంటర్నెట్‌తో పని లేకుండా కంప్యూటర్‌లోనే నడిచే సాఫ్ట్‌వేర్ వాడటం మంచిది. పైన చెప్పిన జింప్, రెమ్‌బీజీ రెండూ అలా నడిచేవే.

అన్నట్టు, అసలు పాస్‌పోర్ట్‌కే ఫోటో ఇస్తుంటే ఇంకో జాగ్రత్త. విదేశాల్లోని భారత రాయబార కార్యాలయాల్లో దరఖాస్తు చేసేవాళ్లకు 2025 సెప్టెంబర్ నుంచి కొత్త ఫోటో నిబంధనలు వచ్చాయి. సైజు 630 బై 810 పిక్సెళ్లు, వెనక తెలుపు, సాఫ్ట్‌వేర్‌తో మార్పులు చేసిన ఫోటో వద్దు. అమెరికాలో ఉన్న కొడుకు 'ఇక్కడ ఖర్చెక్కువ, ఊళ్లో స్టూడియో అంకుల్‌తో ఎడిట్ చేయించి పంపు నాన్నా' అని పాత ఫోటో పంపితే, ఫ్రీ టూల్ ఇచ్చే సైజు దానికి సగం కూడా సరిపోదు. ఆ పనికి తెల్ల గోడ ముందు మళ్లీ ఫోటో దిగడమే దారి.