ఫార్మాట్ కొట్టించే ముందు

జీడిమెట్ల పారిశ్రామికవాడలో ఒక ధర్మకాంటా. రాత్రి అక్కడి కంప్యూటర్‌కు విండోస్ 11 ఎక్కించారనుకుందాం. పొద్దున్నే మొదటి లారీ కాంటా ఎక్కింది. ఇండికేటర్ మీద బరువు ఎర్రటి అంకెల్లో స్పష్టంగా కనిపిస్తోంది. కంప్యూటర్‌లో మాత్రం సున్నా. వెనక నాలుగు లారీలు ఆగాయి, హారన్లు మొదలయ్యాయి. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు అంటారు: "ఫార్మాట్ కొట్టేద్దాం సార్."

ఆ మాట దగ్గర ఒక్క పది నిమిషాలు ఆగండి. ఫార్మాట్ కొడితే పాత చీటీల లెక్కలు పోవచ్చు, సాఫ్ట్‌వేర్ లైసెన్సు పోవచ్చు. ఆ సాఫ్ట్‌వేర్ రాసిచ్చినవాళ్లు ఇప్పుడు ఫోనెత్తుతారో లేదో! ఇంత పోగొట్టుకుని మళ్లీ అదే విండోస్ 11 ఎక్కిస్తే, తెరమీద మళ్లీ అదే సున్నా.

2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కు మద్దతు ఆపేసింది. చిన్న పరిశ్రమలు కూడా కొత్తదానికి మారక తప్పని పరిస్థితి. టూల్‌రూమ్‌లో పనిచేసినవాళ్లకు ఈ ఇబ్బంది కొత్త కాదు. కొత్త ప్రెస్సు తెస్తారు, పాత డైకి బోల్టు రంధ్రాలు కుదరవు. డై చెడిపోలేదు, ప్రెస్సూ చెడిపోలేదు. తేడా అతుకు దగ్గర ఉంది. మనం వెతకాల్సింది ఆ అతుకునే.

కాంటా సంగతే చూద్దాం. ఇండికేటర్ బరువు చూపిస్తోంది కాబట్టి కాంటా బాగానే ఉంది. సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది, పాత చీటీలు కనిపిస్తున్నాయి కాబట్టి అదీ బాగానే ఉంది. మిగిలింది ఆ రెంటి మధ్య ఉన్న దారి. ఇండికేటర్ నుంచి సీరియల్ కేబుల్ వస్తుంది. ఇప్పటి చాలా కంప్యూటర్లకు ఆ పోర్టు ఉండదు కనుక మధ్యలో యూఎస్‌బీ కన్వర్టర్ పెడతారు. ఆ కన్వర్టర్‌లోని చిప్‌తో విండోస్ మాట్లాడాలంటే డ్రైవర్ కావాలి.

డివైస్ మేనేజర్ తెరిచి పోర్టుల వరుస చూడండి. అక్కడ పసుపు గుర్తు లేకుండా కామ్ 5 అని ఉండి, కాంటా సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో కామ్ 3 అని ఉంటే జబ్బు దొరికినట్టే. కేబుల్‌ను వేరే రంధ్రంలో గుచ్చినా, డ్రైవర్ మళ్లీ ఎక్కినా ఈ అంకె మారవచ్చు. సాఫ్ట్‌వేర్‌లో 3 తీసి 5 పెడితే లారీ కదులుతుంది.

అలా కాక, ప్రొలిఫిక్ కంపెనీ పీఎల్ 2303 హెచ్ఎక్స్ఏ చిప్‌ను 2012 నుంచే ఆపేశామని, అమ్మినవారిని అడగమని అక్కడే ఇంగ్లిష్‌లో రాసి కనిపించవచ్చు. చాలామంది దాన్ని కేబుల్ కాలిపోయినట్టుగా అర్థం చేసుకుంటారు. కేబుల్ కాలలేదు, కొత్త డ్రైవర్ ఆ పాత చిప్‌ను ఒప్పుకోవడం లేదు, అంతే. పాత డ్రైవర్‌ను ఎంచి పెడితే చాలాసార్లు పనిచేస్తుంది గానీ, తర్వాతి అప్‌డేట్ దాన్ని మళ్లీ మార్చేయవచ్చు. లారీలు ఆగే చోట ఆ ప్రమాదం పెట్టుకోవద్దనే చెబుతాను. కొత్త చిప్ ఉన్న కన్వర్టర్ కొన్ని వందల రూపాయల్లో వస్తుంది.

కొన్ని తెగిన అతుకులు మాత్రం ఇలా కలవవు. డాస్ కాలంలో రాయించుకున్న జీతాల ప్రోగ్రామ్ 32 బిట్ విండోస్ 10లో నడిచి ఉండవచ్చు. విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు. 16 బిట్ ప్రోగ్రామ్‌ను నడిపే ఏర్పాటు దాంతోపాటే పోయింది. కంపాటిబిలిటీ మోడ్‌లో ఎన్ని టిక్కులు పెట్టినా వృథా. డాస్‌బాక్స్ లాంటి దాంట్లో నడపాలి, లేదా వర్చువల్ మెషీన్‌లో పాత విండోస్‌ను ఉంచుకోవాలి.

నాకు ఎక్కువ బాధ కలిగించేది డీటీపీ షాపుల సంగతి. షాపూర్‌నగర్, చింతల్ లాంటి చోట్ల పెళ్లికార్డు, కరపత్రం చేసిపెట్టే షాపుల్లో పేజ్‌మేకర్, అను ఫాంట్లే జీవనాధారం. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7 వచ్చింది 2001లో. కంప్యూటర్ మార్చాక పాత ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు. ఫైలు పాడైందనుకుని రాత్రంతా కూర్చుని మళ్లీ టైపు చేస్తారు. ఫైలుకు ఏమీ కాలేదు. ఈ ఫాంట్ల పద్ధతిలో కంప్యూటర్ దాచుకునేది ఇంగ్లిష్ కోడ్‌లనే, వాటికి తెలుగు రూపం తొడిగేది ఫాంటు. ఆ ఫాంటు తిరిగి ఎక్కిస్తే అక్షరాలు తిరిగొస్తాయి. యూనికోడ్‌లో అయితే తెలుగు అక్షరానికి దాని సొంత కోడ్ ఉంటుంది, ఫాంటు మారినా అక్షరం మారదు.

ఇంకో చిక్కు. పేజ్‌మేకర్ మొరాయిస్తోందని ఎవరో దాన్ని అడ్మినిస్ట్రేటర్‌గా నడిచేలా పెడతారు. అది తెరుచుకుంటుంది, కానీ తెలుగు టైపింగ్ ఆగిపోతుంది. తెలుగు కీబోర్డు ప్రోగ్రామ్ మనం నొక్కిన మీటను మధ్యలో పట్టుకుని మార్చి పంపుతుంది. విస్టా కాలం నుంచి విండోస్‌లో ఒక కట్టుబాటు ఉంది: మామూలు హోదాలో నడిచే ప్రోగ్రామ్ అడ్మినిస్ట్రేటర్ హోదాలో నడిచేదాని మీటలను ముట్టుకోకూడదు. కీబోర్డు ప్రోగ్రామ్‌ను కూడా అదే హోదాలో నడిపితే సరి.

తప్పు యాప్‌దా, సిస్టమ్‌దా అని తేల్చడానికి ఒక ప్రశ్న చాలావరకు పనికొస్తుంది: చెడింది ఒక్కటేనా, సంబంధం లేనివి నాలుగూ ఒకేసారి చెడ్డాయా? 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లకు జరిగింది గుర్తుందా? ఐఓఎస్ 11.2.5 ఉన్న ఫోన్లలో మన "జ్ఞా" రూపంలోని ఒక అక్షరకూర్పు మెసేజ్‌లో వస్తే చాలు, యాప్ కూలిపోయేది. వాట్సాప్ సహా చాలా యాప్‌లు దెబ్బతిన్నాయి. ఏ యాప్ తప్పూ లేదు. అక్షరాలను గీసిపెట్టే పని సిస్టమ్‌ది, లోపం అక్కడుంది. ఫిబ్రవరి 19న వచ్చిన 11.2.6తో అది పోయింది. ఈలోపు యాప్‌ను తీసేసి మళ్లీ వేసుకున్నవాళ్లకు ఒరిగింది ఏమీ లేదు.

ఎక్కడ తెగిందో ఎంతకీ దొరక్కపోతే వెనక్కి వెళ్లే దారి ఉంది. విండోస్ 10 నుంచి 11కు అప్‌గ్రేడ్ అయినప్పుడు మామూలుగా 10 రోజుల గడువు ఉంటుంది. సెట్టింగ్స్‌లో రికవరీ కింద 'గో బ్యాక్' నొక్కితే పాత విండోస్ వస్తుంది. ముందే డేటాను పెన్‌డ్రైవ్‌లోకో హార్డ్ డిస్కులోకో తీసుకోండి. స్థలం కలిసొస్తుందని విండోస్.ఓల్డ్ ఫోల్డర్‌ను తుడిపేస్తే మాత్రం ఆ దారి మూసుకుపోతుంది.

అప్‌గ్రేడ్ అయిన రోజు అందరూ రోజూ వాడేవే చూసి ఊరుకుంటారు. ఆ 10 రోజుల్లోపే జీతాల షీటు, జీఎస్టీ దాఖలుకు వాడే డిజిటల్ సంతకం టోకెన్, లేబుల్ ప్రింటర్, ఏడాదికోసారి ఆడిటర్ అడిగే పాత లెడ్జర్ కూడా ఒక్కొక్కటిగా తెరిచి చూడండి.