పుట్టిన బిడ్డకు నలభై రోజుల కాపలా: ఏలూరు నుంచి టర్కీ దాకా

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంక గ్రామాల్లోని ముస్లిం ఇళ్లలో బిడ్డ పుట్టగానే ముందుగా చెవిలో అజాన్ వినిపిస్తారు. ఆ తర్వాత నానీ, దాదీల పెత్తనం మొదలవుతుంది. దిండు కింద ఇనుప ముక్క, బుగ్గ మీద నల్ల చుక్క, నజర్ తగలకుండా ఉప్పు, ఎండు మిరపకాయలతో దిష్టి. నలభై రోజుల చిల్లా నిండేదాకా తల్లీబిడ్డ గడప దాటకూడదంటారు. ఇందులో కొంత దీన్, కొంత ఊరి ఆచారం. రెండూ కలిసిపోయి ఏది ఏదో చాలామందికి తెలియకుండా పోయింది.

ఇది మన దగ్గరే ఉన్న సంగతి కాదు. టర్కీ పల్లెల్లోనూ బాలింతకు నలభై రోజుల కట్టుబాటు ఉంది. ఆ రోజుల్లో ‘అల్ కరిసి’ అనే దుష్టశక్తి తల్లినీ బిడ్డనీ పట్టుకుంటుందని పెద్దల భయం. అందుకే తల్లికి ఎర్ర రిబ్బను కడతారు, పక్కన ఇనుము పెడతారు, ఒంటరిగా వదలరు. నలభయ్యో రోజున చాలాచోట్ల నలభై గులకరాళ్లు వేసిన నీళ్లతో స్నానం చేయిస్తారు. మన ‘చిల్లా’ అన్న మాట కూడా ఫారసీలో నలభై నుంచి వచ్చిందే. మనం నల్ల చుక్క పెడితే వాళ్లు నీలిరంగు పూస గుచ్చుతారు. ఊడిన బొడ్డుతాడును, చదువుకోవాలని బడి ఆవరణలోనో, దీన్‌దారు కావాలని మసీదు ఆవరణలోనో పాతిపెట్టడం కూడా అక్కడ ఉంది.

పేర్లు చెప్పే కథ

పుట్టిన పిల్లలు వరసగా చనిపోతున్న ఇంట్లో తర్వాతి బిడ్డకు టర్కీలో దుర్సున్ (ఉండిపోనీ), యషార్ (బతుకుతాడు), సాతిల్‌మిష్ (అమ్ముడైనవాడు) అని పేరు పెట్టేవారు. తెలుగు పల్లెల్లో అదే భయం పెంటయ్య, పుల్లయ్య, తవిటయ్య అనే పేర్లయింది. బిడ్డను గుప్పెడు తవుడుకు అమ్మి మళ్లీ కొనుక్కునేవారు. ఎవరికీ అక్కర్లేని బిడ్డ అనుకుని చావు వదిలేస్తుందని ఆశ. మన ముస్లిం ఇళ్లలో దర్గాలో మొక్కుకుని మస్తాన్, నాగూర్ అని పెట్టుకున్నారు. టీకాలు, ఆసుపత్రులు లేని కాలంలో తల్లిదండ్రుల చేతిలో ఉన్నది అంతే.

దీన్ ఏం చెబుతుంది?

ఏడో రోజున అఖీఖా, తల గుండు, ఆ వెంట్రుకల బరువుకు సరిపడా వెండి సదఖా, మంచి పేరు. ఇవి హదీసుల్లో ఉన్నవి. ప్రతి బిడ్డా ఫిత్రత్ మీద, అంటే స్వచ్ఛంగా పుడుతుందనీ హదీసులో ఉంది. కాబట్టి ‘ఆడపిల్ల పుట్టింది, ఇంటికి అచ్చిరాలేదు’ అనే మాటకు చోటే లేదు. ప్రవక్త (స) కుమారుడు ఇబ్రాహీం పసితనంలోనే మరణించిన రోజు సూర్యగ్రహణం పట్టింది. జనం రెండింటికీ ముడిపెడితే, ఎవరి చావు కోసమో పుట్టుక కోసమో గ్రహణం పట్టదని ఆయన చెప్పారు. నజర్ ఉందని కూడా చెప్పారు. హసన్, హుసైన్‌ల కోసం ఆయన చేసింది అల్లాహ్ శరణు కోరే దువా.

చిల్లాకూ లెక్క ఉంది. హనఫీ ఫిఖ్హ్‌లో బాలింత రక్తస్రావానికి నలభై రోజులు గరిష్ఠ గడువు మాత్రమే. ముందే ఆగిపోతే గుస్ల్ చేసి నమాజు మొదలుపెట్టాలి.

ఎక్కడ జాగ్రత్త పడాలి?

నలభై రోజుల విశ్రాంతి తల్లికి మేలే. హాని వేరే చోట ఉంది. మొదటి ముర్రుపాలు పిండి పారబోయడం తప్పు. బిడ్డకు రోగాలను తట్టుకునే శక్తి ఇచ్చేవి అవే. రెండేళ్లు పాలివ్వడం గురించి ఖుర్ఆన్‌లోనే ఉంది (2:233). ఏడాది లోపు పిల్లలకు తేనె నాకించకూడదు. దాంతో బోటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. టర్కీలో పసిబిడ్డ ఒంటికి ఉప్పు రుద్దే అలవాటును అక్కడి డాక్టర్లు వద్దంటున్నారు. మన దగ్గర కంటికి పెట్టే సుర్మా సంగతీ అలాంటిదే. చాలా రకాల సుర్మాలో సీసం ఉంటుంది. సీసం అంటే ఏమిటో ఏలూరుకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2020 డిసెంబరులో వందల మంది ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయినప్పుడు, ఎయిమ్స్ పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందుల మీదా అనుమానాలు వచ్చాయి. అది గాలీ కాదు, ధూళీ కాదు.

చిల్లా నిండగానే ఆరు వారాల టీకాల రోజు వస్తుంది. స్నానంతో పాటు దాన్నీ గుర్తు పెట్టుకోవాలి. ఈలోపు బిడ్డకు జ్వరం వచ్చినా, పాలు తాగడం మానేసినా, ఫిట్స్ వచ్చినా తావీజు కోసం తిరుగుతూ కూర్చోకూడదు. దువా చదువుకుంటూనే ఆసుపత్రికి బయల్దేరాలి. అది పదో రోజైనా సరే, చిల్లా అడ్డం రాదు.