అంతు లేని దమ్ము

సిగరెట్టుకి ఒక మొదలూ ఒక చివరా ఉన్నాయి. వెలిగించాక పది పన్నెండు దమ్ములు లాగేసరికి అది కాలిపోతుంది. వేళ్ళు చురుక్కుమంటాయి, పీక పారేయక తప్పదు. మళ్ళీ కాల్చాలంటే ఇంకొకటి తీయాలి, అగ్గిపుల్ల గీయాలి, నలుగురికీ దూరంగా వెళ్ళాలి. ఎంత చెడ్డదైనా దాని కొలత దానిలోనే ఉంది.

ఎలక్ట్రానిక్ సిగరెట్టుకి ఆ కొలత లేదు. పెన్నులాగానో పెన్‌డ్రైవులాగానో కనిపించే ఈ పరికరం బూడిద రాల్చదు, మధ్యలో అయిపోదు. జేబులోంచి తీసి ఒక్క దమ్ము లాగి మళ్ళీ జేబులో వేసుకోవచ్చు. అందుకే దీన్ని వాడేవారిని “రోజుకి ఎన్ని?” అని అడిగితే చాలామంది జవాబు చెప్పలేరు. తగ్గించుకోవాలి అనుకునేవారికి మొదటి చిక్కు ఇక్కడే వస్తుంది. లెక్కే తెలియనిదాన్ని తగ్గించడం ఎలా?

లోపల ఏముంది?

నేడు వాడుకలో ఉన్న ఎలక్ట్రానిక్ సిగరెట్టుకి 2003లో చైనా దేశపు ఫార్మసిస్టు హాన్ లిక్ రూపమిచ్చాడు. ఇందులో ఒక బ్యాటరీ, ఒక లోహపు తీగచుట్ట, కొంత ద్రవం ఉంటాయి. దమ్ము లాగగానే తీగ వేడెక్కి, ద్రవం సన్నని తుంపరగా మారుతుంది. చాలామంది అనుకున్నట్లు అది నీటి ఆవిరి కాదు. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, సువాసన ద్రవ్యాలు, వాటితో పాటు నికొటిన్ అందులో ఉంటాయి. తీగ మరీ వేడెక్కితే ఫార్మాల్డిహైడ్ వంటి విషపదార్థాలు కూడా పుడతాయి.

ఒక చిన్న లెక్క చేద్దాం. 2015లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన జూల్ అనే రకంలో, ద్రవం ఉండే ఒక్కొక్క గొట్టంలో 0.7 మిల్లీలీటర్లు పట్టేది. మిల్లీలీటరుకి నికొటిన్ 59 మిల్లీగ్రాములు. రెండింటినీ గుణిస్తే సుమారు 41 మిల్లీగ్రాములు. ఒక సిగరెట్టు కాల్చినవారి ఒంట్లో చేరే నికొటిన్ సుమారు ఒక మిల్లీగ్రామే! పైగా దీనిలో నికొటిన్‌ని ఆమ్లంతో కలిపి లవణంగా మార్చారు. దాంతో గొంతులో మంట తగ్గింది. దగ్గు వచ్చి ఆపే అవకాశమూ పోయింది.

తాళం, తాళంచెవి

1905లో కేంబ్రిడ్జిలో జాన్ లాంగ్లీ అనే శాస్త్రవేత్త కండరాల మీద నికొటిన్ ప్రయోగించి చూశాడు. కణం మీద ఈ పదార్థాన్ని అందుకునే ప్రత్యేకమైన భాగం ఏదో ఉండి తీరాలని ఊహించాడు. ఆ ఊహ నిజమైంది. అలాంటి భాగాలను నేడు గ్రాహకాలు అంటున్నాం.

మన నాడీకణాలు ఒకదానికొకటి కబురు పంపుకోవడానికి అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని వాడతాయి. గ్రాహకం తాళం అయితే అసిటైల్‌కోలిన్ దాని తాళంచెవి. నికొటిన్ దొంగతాళంచెవి లాంటిది. ఊపిరితిత్తుల నుంచి 10–20 సెకన్లలో మెదడుకి చేరి అదే తాళాన్ని తీస్తుంది. అప్పుడు డోపమీన్ అనే మరో రసాయనం విడుదలై హాయిగా అనిపిస్తుంది.

రోజూ ఇలా జరిగితే మెదడు గ్రాహకాల సంఖ్యను పెంచుకుంటుంది. నికొటిన్ అందని వేళ అవన్నీ ఖాళీగా పడి ఉంటాయి. చిరాకు, తలనొప్పి, చదువు మీద మనసు నిలవకపోవడం మొదలవుతాయి. ఒక దమ్ము లాగితే ఇవి తగ్గుతాయి. “చూశావా, ఇది టెన్షన్ తగ్గిస్తోంది” అనిపిస్తుంది. నిజానికి తగ్గింది అది తెచ్చిపెట్టిన టెన్షనే! మెదడు ఎదుగుదల సుమారు 25 ఏళ్ళ వరకూ సాగుతుంది కాబట్టి చిన్న వయసులో ఈ అలవాటు తొందరగా, గట్టిగా పట్టుకుంటుంది.

పొద్దుటి పరీక్ష

రక్తంలోని నికొటిన్‌కి అర్ధజీవిత కాలం సుమారు 2 గంటలు. అంటే 2 గంటలకి సగం, 4 గంటలకి పావు, 8 గంటలు నిద్రపోయి లేచేసరికి పదహారో వంతే మిగులుతుంది. పొద్దున్న లేవగానే కోరిక బలంగా ఉండడానికి కారణం ఇదే. 1978లో స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ ఫాగర్‌స్ట్రోమ్ వ్యసనం తీవ్రతను కొలవడానికి తయారుచేసిన ప్రశ్నల్లో ఇది ఒకటి: లేచిన ఎంతసేపటికి మొదటి సిగరెట్టు వెలిగిస్తారు? ఆ వ్యవధి ఎంత తక్కువైతే వ్యసనం అంత ఎక్కువన్నమాట.

కొలత పెట్టడం ఎలా?

1. ముందు లెక్క రాయాలి. మూడు రోజుల పాటు ఏమీ తగ్గించకుండా, ప్రతిసారీ ఎన్ని గంటలకి, ఎక్కడ, ఏం చేస్తుండగా లాగారో ఒక చిన్న పుస్తకంలో రాయాలి. రాయవలసి వస్తుందని తెలిస్తే కొన్ని దమ్ములు వాటంతట అవే తగ్గుతాయి.

2. మొదటి దమ్మును వెనక్కి జరపాలి. మొదట అరగంట, రెండు రోజుల తర్వాత గంట, ఆ తర్వాత గంటన్నర. నిద్రలో శరీరం ఎలాగూ సంపాదించిన విరామాన్ని పొడిగించడమే ఇది.

3. చోట్లు తగ్గించాలి. పక్క మీద, చదువుకునే బల్ల దగ్గర, స్నానాల గదిలో లాగకూడదని నియమం పెట్టుకోవాలి. పరికరం జేబులో ఉండకూడదు. వేరే గదిలో అలమారు పై అరలో ఉంటే, లేచి వెళ్ళి తీసేలోగా ఆలోచించడానికి కొంత సమయం దొరుకుతుంది. సిగరెట్టుకి అగ్గిపుల్ల చేసిన పని ఇక్కడ దూరం చేస్తుంది.

4. గాఢత తగ్గించినప్పుడు మోసపోకూడదు. నికొటిన్ తక్కువున్న ద్రవానికి మారినవారు తెలియకుండానే ఎక్కువసేపు, ఎక్కువసార్లు లాగుతారు. కాబట్టి సీసా మీది అంకె తగ్గితే చాలదు, పుస్తకంలోని అంకె కూడా తగ్గాలి.

5. కోరికను దాటవేయాలి. అది అలలాంటిది, లేచి కొద్ది నిమిషాల్లో విరిగిపోతుంది. గడియారం చూస్తూ పది నిమిషాలు వాయిదా వేయండి. ఈలోగా ఒక గ్లాసు నీళ్ళు మెల్లగా తాగండి, లోతుగా ఊపిరి తీసి వదలండి, వీధి చివరిదాకా నడిచి రండి.

6. చివరి రోజును ముందే నిర్ణయించుకోవాలి. తగ్గించడం మెట్టు మాత్రమే, చేరవలసింది సున్నాకి. పరీక్షల వారం కాకుండా రెండు మూడు వారాల్లో ఒక తేదీ ఎంచుకుని, నమ్మకమైన పెద్దవారికి ఒకరికి చెప్పాలి. దీని బదులు సిగరెట్టూ బీడీ గుట్కా మొదలుపెట్టడం పెనం మీంచి పొయ్యిలో పడడమే. నికొటిన్ చూయింగ్ గమ్ వంటివి డాక్టరు సలహా లేకుండా వాడకూడదు.

మానేశాక మొదటి మూడు రోజులు కష్టంగా ఉంటాయి. తర్వాత రెండు నుంచి నాలుగు వారాల్లో చిరాకు, నిద్రలేమి చాలావరకు తగ్గుతాయి. సిగరెట్లు మానినవారి మెదళ్ళను పరీక్షించినప్పుడు, పెరిగిన గ్రాహకాలు నెలన్నర నుంచి మూడు నెలల్లో మామూలు స్థాయికి వచ్చాయని తేలింది. మధ్యలో ఒకసారి తప్పితే అంతా పోయినట్లు కాదు. ఆ పూట ఏం జరిగిందో పుస్తకంలో రాసి మర్నాడు కొనసాగించాలి.

సాధ్యమేనా?

అమెరికాలో 2019లో హైస్కూలు విద్యార్థుల్లో 27.5 శాతం మంది గత 30 రోజుల్లో ఎలక్ట్రానిక్ సిగరెట్టు వాడినట్లు చెప్పారు. 2024 నాటికి అది 7.8 శాతానికి దిగింది. అక్కడే 13–17 ఏళ్ళవారికి సెల్‌ఫోన్ సందేశాల ద్వారా రోజూ ధైర్యం చెప్పి చూశారు. 2024లో వెలువడిన ఫలితాల ప్రకారం ఏడు నెలల తర్వాత ఆ సందేశాలు అందినవారిలో సుమారు 38 శాతం మంది, అందనివారిలో 28 శాతం మంది మానేసి ఉన్నారు. ఒక్క మంచి మాటకి అంత బలం ఉందన్నమాట!

మన దేశంలో 2019 నుంచి వీటి తయారీని, దిగుమతిని, అమ్మకాన్ని, ప్రకటనలను చట్టం నిషేధించింది. అయినా దొంగచాటుగా దొరుకుతూనే ఉన్నాయి. మానడానికి సాయం కావలసినవారు 1800-11-2356 అనే జాతీయ నంబరుకి ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

మీ స్నేహితుడెవరైనా ఈ ప్రయత్నంలో ఉంటే వేళాకోళం చేయకండి. అతని చేతికి ఒక గ్రాఫ్ కాగితం ఇవ్వండి. అడ్డంగా తేదీలు, నిలువుగా దమ్ముల సంఖ్య గుర్తించమనండి. గీత ఒకరోజు పైకి లేచినా ఫరవాలేదు, వారం మొత్తం మీద కిందికి దిగుతోందా లేదా అన్నది ఇద్దరూ కలిసి చూడండి. కోరిక పుట్టిన పది నిమిషాలూ అతనితో పాటు నడవండి.