కాంటా లోపలి 60 మైక్రోసెకన్లు

మా ఆర్మూర్ వైపు పసుపు పంట చేతికి రావాలంటే ఎనిమిది తొమ్మిది నెలలు ఆగాలి. తర్వాత ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి, పాలిష్ పట్టించాలి. ఇంత చేశాక రైతుకి ఎంత వస్తుందనేది రేటుతో పాటు కాంటా మీది అంకె మీద కూడా ఉంటుంది. ఆయనకి కావాల్సింది కిలోలు. లోపల ఏ చిప్ ఉందో ఆయనకి అక్కర్లేదు. మన క్లాసులో చెప్పే అబ్‌స్ట్రాక్షన్ అంటే ఇదే.

హార్డ్‌వేర్ అబ్‌స్ట్రాక్షన్ లేయర్ కూడా ఇంతే. "ఈ పిన్ ఆన్ చెయ్" అని పైనుంచి ఒకే మాట చెప్తాం. ఏ రిజిస్టర్‌లో ఏ బిట్ మార్చాలో కింది కోడ్ చూసుకుంటుంది. బోర్డు మారితే ఆ కింది కోడ్ మారితే చాలు.

రిచర్డ్ బ్యారీ 2003లో మొదలుపెట్టిన ఫ్రీఆర్‌టిఓఎస్‌లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. టాస్కులు, క్యూలు, లిస్టుల కోడ్ అన్ని ప్రాసెసర్లకీ ఒక్కటే. ఒక టాస్క్ ఆపి ఇంకోటి నడపడం, టిక్ టైమర్ సెట్ చేయడం, ఇంటరప్ట్‌లు ఆపడం మాత్రం "పోర్టబుల్" అనే ఫోల్డర్‌లో ఒక్కో ప్రాసెసర్‌కి విడివిడిగా ఉంటాయి.

మరి అన్నీ దాచేయొచ్చా? పిన్‌ని దాచొచ్చు, టైమ్‌ని దాచలేం.

మన ప్రాజెక్టుల్లో లోడ్ సెల్‌కి తగిలించే హెచ్‌ఎక్స్711 చిప్‌నే చూడండి. బరువుని 24 బిట్లుగా ఇస్తుంది, ఒక్కో క్లాక్ పల్స్‌కి ఒక్కో బిట్. డేటాషీట్‌లో ఒక షరతు ఉంది: క్లాక్ పిన్ 60 మైక్రోసెకన్లకి మించి హైలో ఉంటే చిప్ పవర్ డౌన్ అయిపోతుంది. ఆర్డుయినో ఊనోలో మన లూప్ ఒక్కటే నడుస్తుంటే మామూలుగా ఇబ్బంది రాదు. అదే కోడ్ ఈఎస్‌పి32లో పెడితే, పిన్ హైలో ఉన్నప్పుడే వైఫై టాస్క్ మధ్యలో దూరొచ్చు. 60 దాటిందా, ఇక ఆ రీడింగ్‌ని నమ్మలేం. కోడ్ కంపైల్ అవుతుంది, ఎర్రర్ ఏదీ రాదు, అంకె మాత్రం తప్పు. రియల్ టైమ్ అంటే స్పీడు కాదు, చెప్పిన గడువులోపు పని అవ్వడం.

దీనికి మందు క్రిటికల్ సెక్షన్: పల్స్ హైలో ఉన్నంతసేపు ఇంటరప్ట్‌లు ఆపడం. 24 బిట్లకీ కలిపి ఆపక్కర్లేదు, ఎందుకంటే పిన్ లోలో ఉంటే చిప్ ఓపిగ్గా ఆగుతుంది. మనం ఎంత తక్కువసేపు ఆపితే మిగతా టాస్కులకి అంత మంచిది. ఇక్కడా బోర్డు తేడా బయటపడుతుంది. మామూలు ఫ్రీఆర్‌టిఓఎస్‌లో ఆ పిలుపుకి ఆర్గ్యుమెంట్ ఉండదు. ఈఎస్‌పి32లో రెండు కోర్‌లు కాబట్టి ఒక స్పిన్‌లాక్ కూడా ఇవ్వాలి.

ఇదంతా డ్రైవర్ ఫైల్లోనే ఉండాలి. పైన ఉన్న కోడ్ "బరువెంత?" అని అడిగితే చాలు. అందుకే కొత్త బోర్డు చేతికొస్తే నేను రెండు ప్రశ్నలు వేసుకుంటా: ఈ లేయర్ ఏం దాస్తోంది? ఏం దాచలేకపోతోంది? రెండోదానికి జవాబు ఎక్కువగా డేటాషీట్‌లోని టైమింగ్ పేజీలో దొరుకుతుంది.